చేదు నవ్వు – కువైట్ కథలు, మన ఇంటి కథ

"నవ్వు నాలుగు విధాల చేటు" అని మన పెద్దల సామెత. సాయంకాలపు తెలుగు తరగతిలో మాకు నేర్పిన మొదటి పది సామెతలలో అది ఒకటి. పలక మీద పదిసార్లు వ్రాశాము. ఆ నాలుగు విధాలు ఏవో గురువుగారిని అడిగే ధైర్యం లేక పక్కవాని ముఖం చూసి నవ్వాము. అందుకు బెంచీ ఎక్కి నిలబడ్డాము. నాలుగింటిలో ఒక చేటు ఏమిటో ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు అదే తరగతిలో మేము పాఠం చెబుతున్నాము. పోయిన సంవత్సరం పెద్దవారి తరగతిలో రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి "మాయ" అనే కథ చదివాము. సారా కేసులో ఇరుక్కున్న ముత్యాలమ్మ అనే పేదరాలి కథ అది. చదువుతూ ఉంటే తరగతి అంతా నవ్వింది. నవ్వు ఆగిన తరువాత వెనుక వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన లేచి నిలబడ్డారు. "మాస్టారూ, ఇందులో నవ్వడానికి ఏముంది? పేదవాళ్ళ కష్టం చూసి నవ్వుతామా? మన తాతలు ఓడ దిగినప్పుడు ఎవరైనా ఒడ్డున నిలబడి ఇలాగే నవ్వి ఉంటే మనకు ఎలా ఉంటుంది?" అన్నారు. అందరూ మౌనంగా ఉండిపోయారు. మేము కూడా తగిన సమాధానం చెప్పలేకపోయాము. అంతలో గంట కొట్టారు, బ్రతికిపోయాము.

ఆ ప్రశ్నకు సమాధానం మాకు కువైట్‌లో దొరికింది. దానిని పాఠకులతో పంచుకోవాలని ఈ వ్యాసం.

దండ వేసిన ఫోటో

మా మేనల్లుడు కువైట్ నగరంలో ఒక హోటలులో పని చేస్తున్నాడు. బడి సెలవులలో మూడు వారాలు అతని వద్ద ఉండి వచ్చాము. కువైట్ చిన్న దేశం. 1946లో అక్కడి నుండి మొదటి చమురు ఓడ బయలుదేరింది. ఆ తరువాత ఇళ్ళు కట్టడానికి, బండ్లు నడపడానికి, పిల్లలను పెంచడానికి, గొర్రెలు కాయడానికి బయటి దేశాల మనుషులు కావలసివచ్చారు. నేడు ఆ దేశ జనాభాలో మూడింట రెండు వంతులు బయటివారే. వారిలో భారతీయులు సుమారు పది లక్షలు. తెలుగువారు ముఖ్యంగా కడప, రాయచోటి, రాజంపేట వైపు నుండి, గోదావరి జిల్లాల నుండి వెళ్ళారు. ఇళ్ళలో పని చేసే స్త్రీలు వారిలో చాలామంది.

ఒక శుక్రవారం నాడు ఫర్వానియాలో ఒక చిన్న టీ దుకాణంలో కొందరు తెలుగువారితో కూర్చున్నాము. మేము బడిపంతులమని మా మేనల్లుడు ముందే చెప్పి ఉన్నాడు. రాయచోటి దగ్గరి పల్లె నుండి వచ్చిన ఒకామె, పద్నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో వంటపని చేస్తున్నది, తన ఇంటి సంగతి ఇలా చెప్పింది.

"ఇల్లు కట్టిచ్చినా అయ్యోరా. పైన మిద్దె గూడా ఏపిచ్చినా. రెండేండ్లకొకసారి పోయి నలభై దినాలుంటా. మొన్న పోతే నడింట్లో గోడకు నా ఫోటో. ఫోటోకు పలాస్టిక్ పూలదండ! అందంగా ఉంటాదని మా ఆయన ఏసినాడంట. పక్కింటి బిడ్డ నన్ను వాకిట్లో జూసి దెయ్యమని కేక పెట్టి ఉరికింది."

"మరి మీరేం చేశారమ్మా?" అని అడిగాము.

"ఏం జేస్తా? దండకు దుమ్ము పట్టింటే కడిగి మళ్ళా ఏసినా."

బల్ల చుట్టూ ఉన్నవారందరూ కళ్ళ నీళ్ళు వచ్చేటట్లు నవ్వారు. ఆమె అందరికంటె ఎక్కువ నవ్వింది. తరువాత కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. టీ చల్లారిపోయింది.

ఆ నవ్వు, దాని వెనుక వచ్చిన ఆ మౌనం, రెండూ కలిసినదే ఈ వ్యాసానికి విషయం. సాహిత్యంలో దీనికి కొందరు విషాద హాస్యమని పేరు పెడతారు. మేము తరగతిలో తేలికగా ఉండడానికి చేదు నవ్వు అంటున్నాము. మామూలు మనుషులు, మహాత్ములూ కాదు, దుర్మార్గులూ కాదు, అప్పులు, అబద్ధాలు, మొగుడూ పెళ్ళాల తగవులు, కాగితాల చిక్కులు ఉన్నవారు, ఈ కథలలో తిరుగుతారు. వారి మీదికి కష్టం వస్తుంది. ఆ కష్టం ఎంత నిజమో అంత వింతగా కూడా ఉంటుంది.

ఇది మనకు కొత్త కాదు

ఈ పద్ధతి బయటి దేశాల నుండి నేర్చుకొన్నదని అనుకోవద్దు. మన సామెతలను చూడండి. "చావు తప్పి కన్ను లొట్టపోయినట్లు" అంటాము. "అత్త చచ్చిన ఆరు నెలలకు కోడలి కంట నీరు వచ్చిందట" అంటాము. "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె" అంటాము. ఒక్కొక్కటి ఒక్కొక్క చిన్న కథ. చావు ఉన్నది, ఆకలి ఉన్నది, నవ్వు కూడా ఉన్నది. వీటిని పుస్తకాలు చదివినవారు చేయలేదు. పొలాలలో నడుము వంచినవారు చేశారు.

అచ్చులోకి వచ్చిన కథలలోనూ ఇదే దారి కనబడుతుంది. గురజాడ అప్పారావుగారు 1910లో వ్రాసిన "దిద్దుబాటు" కథలో సానిపాటలకు అలవాటు పడిన గోపాలరావు అర్ధరాత్రి ఇంటికి వస్తే భార్య కమలిని కనబడదు, ఆమె ఉత్తరం మాత్రం కనబడుతుంది. అతని కంగారు చూసి మనం నవ్వుతాము. అతని మీద కోపం వస్తూనే ఉంటుంది, జాలి కూడా కలుగుతుంది.

విశాఖపట్నంలో ప్లీడరు పని చేసిన రాచకొండ విశ్వనాథశాస్త్రిగారు (1922–1993) మద్యనిషేధపు రోజుల మీద "ఆరు సారా కథలు" వ్రాశారు. "మాయ" వాటిలోదే. చట్టం ఒకటి చెబుతుంది, పోలీసులు ఒకటి చేస్తారు, కోర్టు ఒకటి నమ్ముతుంది. నడుమ నలిగిన ముత్యాలమ్మకు మాత్రం అన్నీ తెలుసు. చదువుకొన్న కొత్త ప్లీడరుకు ఆమే లోకపు పాఠం చెబుతుంది. కువైట్‌లో కూడా 1960ల నుండి మద్యనిషేధం ఉన్నది. మా మేనల్లుని గదిలో ఒక రాత్రి ఈ కథ చదివి వినిపించాము. కోనసీమ నుండి వచ్చిన ఒక డ్రైవరు ఆసాంతం విని, "ఈ శాస్త్రిగారు కువైట్‌లో ఎప్పుడు పని చేశారండీ?" అని అడిగాడు. ఇంతకంటె గొప్ప విమర్శ మేము ఎక్కడా చదవలేదు.

ఇక్కడ మన మారిషస్ పాఠకులకు ఒక సొంత సంగతి. మన పెద్దలు ఎక్కువమంది విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపు నుండి వచ్చినవారు. మా నాయనమ్మ "ఏటి", "గుంటడు" అనేది. తరగతిలో మేము ఆ మాటలు వ్రాస్తే ఎర్ర సిరాతో కొట్టివేసేవారు. ముప్పై ఏళ్ళు దాటిన తరువాత విశ్వనాథశాస్త్రిగారి పుస్తకంలో అవే మాటలు అచ్చులో చూశాము. తప్పు అనుకొన్నది తప్పు కాదని, అది కథలోకి ఎక్కే భాష అని అప్పుడు తెలిసింది.

ఒక బడిపంతులు వ్రాసిన కథ

కువైట్ పేరు ప్రపంచ సాహిత్యంలో నిలిచిపోయేటట్లు చేసిన కథ ఒకటి ఉన్నది. దానిని వ్రాసినది కూడా మావలె ఒక బడిపంతులే. పేరు గస్సాన్ కనఫానీ. పాలస్తీనాలో పుట్టి, 1948లో పన్నెండేళ్ళ వయసులో కుటుంబంతో సహా ఇల్లు వదలినవాడు. 1950ల మధ్య నుండి 1960 వరకు కువైట్ బడులలో పాఠాలు చెప్పాడు. 1963లో "ఎండలో మనుషులు" అనే పొట్టి నవల అరబ్బీలో వెలువరించాడు. 1972లో బేరూత్‌లో బాంబు ప్రేలి చనిపోయాడు.

కథ ఇది. ముగ్గురు పాలస్తీనావారు ఇరాకులోని బస్రా నుండి కువైట్‌కు దొంగతనంగా పోవాలి. చేతిలో కాగితాలు లేవు. ఒక నీళ్ళ లారీ డ్రైవరు వారిని తీసుకొనిపోతానంటాడు. సరిహద్దు చౌకీ వచ్చినప్పుడు ముగ్గురూ ఖాళీ నీళ్ళ టాంకీలో దాగాలి. ఆగస్టు నెల ఎండ. ఆరేడు నిమిషాలలో సంతకాలు పెట్టించుకొని వస్తానని అతని మాట. మొదటి చౌకీ దాటుతారు. రెండవ చౌకీలో గుమాస్తాలకు తోచక, డ్రైవరును పట్టుకొని వేళాకోళం మొదలుపెడతారు. బస్రాలో ఒక నాట్యకత్తెకు నీ మీద మనసట గదా, ఆ సంగతి చెప్పందే సంతకం పెట్టము అంటారు. ఆ డ్రైవరు యుద్ధంలో గాయపడి మగతనం పోగొట్టుకొన్నవాడు. ఆ సంగతి వారికి తెలియదు, అతడు చెప్పలేడు. గుమాస్తాలు పగలబడి నవ్వుతూ ఉంటారు. బయట టాంకీ కాలుతూ ఉంటుంది. అతడు పరుగెత్తి వచ్చి మూత తెరిచేసరికి ముగ్గురూ పోయారు.

శవాలను ఊరి చెత్తకుప్ప దగ్గర దింపి, వారి జేబులలోని డబ్బు, ఒకని చేతి గడియారం తీసుకొని, టాంకీ గోడ మీద ఎందుకు కొట్టలేదని అతడు చచ్చినవారిని అడుగుతాడు. 1972లో తౌఫీక్ సాలే ఈ కథను సినిమాగా తీసినప్పుడు టాంకీలోని వారు గోడను బాదుతారు. చౌకీలోని ఏసీ యంత్రాల మోతలో ఆ చప్పుడు ఎవరికీ వినబడదు.

ఈ కథలో వేళాకోళమే చంపింది. మా తరగతిలోని పెద్దాయన భయపడినది ఇటువంటి నవ్వుకే. కష్టానికి బయట, ఏసీ చల్లదనంలో కూర్చొని నవ్వే నవ్వు అది. కనఫానీ ఆ నవ్వును మనకు చూపించాడు, కాని మన చేత ఆ నవ్వు నవ్వించలేదు. రాయచోటి ఆమె నవ్వినది వేరే నవ్వు. అది టాంకీ లోపలి నుండి గోడ మీద కొట్టిన చప్పుడు. రెండూ చెవికి ఒకేలాగ వినబడతాయి. తేడా పట్టడం నేర్చుకోవాలి. మేము ఆ రోజు తరగతిలో చెప్పలేకపోయిన సమాధానం ఇదే.

జోకులకు బహుమతి

కువైట్‌లోనే పుట్టిన తాలిబ్ అల్ రిఫాయీ అనే రచయిత చదువుకు సివిల్ ఇంజనీరు. 1998లో వచ్చిన ఆయన నవల "సూర్యుని నీడ" ఈజిప్టు నుండి కువైట్‌కు కూలికి వచ్చిన మనిషిని గురించినది. కువైట్ పౌరుడే తన దేశపు పరాయి పనివానిని గురించి వ్రాయడం గమనించదగినది. అదే రచయిత 2015లో అమెరికన్ యూనివర్సిటీ ఆఫ్ కువైట్ తోడ్పాటుతో అరబ్బీ కథానికకు "అల్ ముల్తకా" అనే బహుమతి స్థాపించాడు. బహుమతి 20,000 డాలర్లు.

2016లో మొట్టమొదటి బహుమతి ఎవరికి వచ్చిందో చూడండి. మాజిన్ మారూఫ్ అనే కథకునికి వచ్చింది. ఆయన బేరూత్‌లో పెరిగిన పాలస్తీనావాడు, తరువాత ఐస్‌లాండ్‌లో స్థిరపడ్డాడు. పుస్తకం పేరు "తుపాకులవారికి జోకులు". మొదటి కథలో బట్టలు ఉతికే దుకాణం నడిపే తండ్రి, అతని చిన్న కొడుకు ఉంటారు. తుపాకులవారు తండ్రిని కొడుతూ ఉంటారు. దెబ్బలు తప్పించుకోవడానికి ఆయన వారికి జోకులు చెప్పవలసివస్తుంది. కొడుక్కు మాత్రం తన తండ్రికి ఒక గాజు కన్ను ఉంటే బాగుండునని కోరిక. అప్పుడు ఆయన ముఖం భయంకరంగా ఉంటుంది, ఎవరూ కొట్టరు అని పసివాని లెక్క. మన "చావు తప్పి కన్ను లొట్టపోయినట్లు" అనే సామెతను ఆ పిల్లవాడు తిరగేశాడు. కన్ను పోతే చావు తప్పుతుందని ఆశపడ్డాడు.

అబూధాబీలో పెరిగిన మలయాళీ కుటుంబపు రచయిత దీపక్ ఉన్నికృష్ణన్ 2017లో "తాత్కాలిక మనుషులు" అనే ఇంగ్లీషు కథల పుస్తకం ప్రచురించాడు. అందులో ఒక పనివాడు తన పాస్‌పోర్టు మింగి పాస్‌పోర్టుగా మారిపోతాడు. గదిలోని మరొకడు సూట్‌కేసు మింగి సూట్‌కేసు అవుతాడు. మూడవవాడు ఆ రెండింటినీ పట్టుకొని విమానాశ్రయానికి పారిపోతాడు. ఇంకొక కథలో కట్టడాల మీద నుండి పడిపోయిన కూలీలను ఒక స్త్రీ రాత్రిపూట వెదకి టేపుతో అతికిస్తూ ఉంటుంది. ఇవి జరగని సంగతులే. కాని పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉన్నవానికి, పాస్‌పోర్టే తాను అయిపోవడం అంత వింతగా తోచదు.

తెలుగులో రాయలసీమ కథకుడు చక్రవేణు వ్రాసిన ఒక కథకు "కువైట్ సావిత్రమ్మ" అని పేరు. ఆ పేరు చాలు ఆలోచించడానికి. సావిత్రి యముని వెంట నడిచి భర్త ప్రాణం తెచ్చిన ఇల్లాలు. ఈ కాలపు సావిత్రమ్మ పేరుకు ముందు ఒక దేశం వచ్చి చేరింది. మనిషి వెళ్ళి వస్తుంది, దేశం పేరు మాత్రం ఇంటిపేరులాగ అంటుకొని ఉండిపోతుంది. మన పూర్వులను ఓడ ఎక్కిన కోరంగి రేవు పేరుతో "కొరింగీలు" అని పిలిచినవారి వారసులం మనము. మనకు ఇది వేరుగా చెప్పనవసరం లేదు.

నవ్వు ఎక్కడి నుండి వస్తుంది

ఈ కథలు పని చేసే తీరును తరగతికి మూడు మాటలలో చెప్పవచ్చు.

మొదటిది, కాగితానికి, మనిషికి మధ్య దూరం. కువైట్‌లో పనివాని నివాస పత్రాన్ని ఆకామా అంటారు. అది ఇప్పించే యజమాని కఫీల్. ఇంటిపనివారిది "ఇరవై నంబరు వీసా", కంపెనీ వారిది "పద్దెనిమిది నంబరు వీసా". టీ దుకాణంలో ఒకరిని మీది ఏ ఊరు అని అడిగితే, "ఊరు తరువాతండీ, ముందు నంబరు అడగండి" అన్నాడు. మన తాతల వద్ద కూడా ఫోటో అంటించిన టికెట్టు, అయిదేళ్ళ ఒప్పందం ఉండేవి. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. దానికి "డబుల్ కట్" అని పేరు. ఎక్కువ జబ్బు చేసినవాడు నెలాఖరుకు జీతం తీసుకోవడం పోయి తోటకే బాకీపడే లెక్క అది. లెక్కల పంతులు ఎవరైనా ఈ లెక్క చేసి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఆ కాలమూ ఈ కాలమూ ఒకటే అని మేము అనడం లేదు. కువైట్‌లో 2015లో ఇంటిపనివారికి వేరుగా చట్టం వచ్చింది, వారానికి ఒక రోజు సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని అని అందులో వ్రాసి ఉన్నది. విమానం ఉన్నది, ఫోను ఉన్నది. అయినా కాగితం ఒకరి చేతిలో, కాళ్ళు మరొకరివి అయినప్పుడు పుట్టే కథలు ఒకే కుటుంబానికి చెందుతాయి.

రెండవది, అబద్ధం. పరదేశం పోయినవాడు ఇంటికి నిజం వ్రాయడు. కోనసీమ డ్రైవరు చెప్పిన ముచ్చట వినండి. నిజమో కల్పనో మేము అడగలేదు.

"మా గదిలో ఒకడు ఉండేవాడండీ. ఎడారిలో గొర్రెలు కాసేవాడు. వాళ్ళమ్మకి ఫోను చేసి, సూపర్‌వైజర్ని అయ్యానమ్మా, నా కింద మూడొందలమంది ఉన్నారు, ఒక్కరు కూడా ఎదురు మాట్లాడరు అన్నాడండీ. ఆవిడ సంబరపడి ఆ మాట మీదే సంబంధం కుదిర్చేసింది. పెళ్ళిలో మామగారు చెయ్యి పట్టుకొని, అల్లుడుగారూ, మావాడికి కూడా మీ దగ్గర ఒక పోస్టు చూడండి అన్నాడు. కాదంటే బాగోదు కదండీ, తీసుకొచ్చాడు. ఇప్పుడు బావ కింద నూటయాభై, బావమరిది కింద నూటయాభై."

ఈ ముచ్చటలో ఎవరు మోసగాడు? ఎవరు మోసపోయినవాడు? విడదీయడం కష్టం. చేదు నవ్వు కథ ఇటువంటి చోటనే నిలబడుతుంది. తీర్పు చెప్పదు, నీతి చెప్పదు.

మూడవది, పెద్ద దుఃఖం నడుమ చిన్న పని. రాయచోటి ఆమె దండను కడిగి మళ్ళీ వేసింది. ఆమె ఏడ్చి ఉంటే మనం జాలిపడి మరచిపోయేవారము. దండను తెంచి పారవేసి ఉంటే మెచ్చుకొని మరచిపోయేవారము. దుమ్ము పట్టిన దండను చూసి పనిమనిషి చెయ్యి ఊరుకోలేదు. పద్నాలుగేళ్ళ జీవితం ఆ ఒక్క పనిలో ఉన్నది. అందుకే మరపురాదు.

హద్దు లేదా అని అడుగుతారు. ఉన్నది. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో పనివారు కిక్కిరిసి ఉండిన భవనంలో నిప్పు అంటుకొని దాదాపు యాభైమంది చనిపోయారు. వారిలో నలభైమందికి పైగా భారతీయులు, ఎక్కువమంది కేరళవారు, ఆంధ్రులు కూడా ఉన్నారు. ఆ ఇంటివారి ముందు ఎవరూ నవ్వు కథ చెప్పరు, చెప్పకూడదు. ఎప్పుడైనా ఎవరైనా చెబితే, ఆ రాత్రి ఆ గదులలో పడుకొన్నవారిలో ఒకరు చెప్పాలి. వారి నవ్వు చచ్చినవారి మీదికి పోదు. అంతమందిని ఒక కప్పు కింద పేర్చిన లెక్క మీదికి పోతుంది.

కోడి తీర్థం

ఇక మన ఇంటి సంగతికి వద్దాము.

1834 నవంబరు 2న "అట్లాస్" అనే ఓడ పోర్టు లూయీలో ఆగి ముప్పై ఆరుగురు కూలీలను దింపిన నాటి నుండి మనం మన పూర్వులను రెండే విధాలుగా చెప్పుకొంటున్నాము. కన్నీరు కార్చిన బాధితులు, లేదా రామభజన తప్పని భక్తులు. సభలలో చెప్పడానికి రెండూ బాగుంటాయి. కాని ఆ దేశంలో రాళ్ళు తిరగేస్తే బంగారం దొరుకుతుందని చెప్పి మనవారిని ఓడ ఎక్కించారన్న మాట ప్రతి ఇంట్లో ఉన్నది. మనవారు నిజంగానే రాళ్ళు తిరగేశారు. చెరకు వేయడానికి చేలలోని రాళ్ళన్నీ పెకలించి గుట్టలు పేర్చారు. ఆ గుట్టలు ఇప్పటికీ తోటలలో నల్లగా నిలిచి ఉన్నాయి. ఇంతకంటె చేదైన జోకు ఎవరు వ్రాయగలరు? మన తెలుగు సంతతిలో పుట్టిన నతాషా అప్పన్నా 2003లో ఫ్రెంచిలో వెలువరించిన మొదటి నవలకు "పూద్ర్ దోర్ రాళ్ళు" అని పేరు పెట్టింది. పూద్ర్ దోర్ అనేది మన దీవిలోని ఒక ఊరు. ఆ మాటకు బంగారు పొడి అని అర్థం.

మేము కూడా ఒక తప్పు చేశాము, ఇక్కడ ఒప్పుకొంటున్నాము. చాలా సంవత్సరాల క్రితం మా కుటుంబ చరిత్ర ఒక చిన్న పుస్తకంగా వ్రాశాము. మా ముత్తాత ఒకసారి తోట పని మాని మూడు రోజులు తీర్థయాత్రకు వెళ్ళాడని, దానికి దొర ఆరు రోజుల జీతం కోశాడని, ఆయన భక్తి అంతటిదని అందులో ఉన్నది. అందరూ మెచ్చుకొన్నారు. మా నాయనమ్మ మాత్రం మేము చదువుతూ ఉంటే విని, "ఏటి తీర్తం? కోడి తీర్తం!" అన్నది. ముత్తాత వెళ్ళినది కోడిపందానికి. పట్టుకొనిపోయిన కోడి తనది కాదు, సర్దారుది. అడగకుండా తీసుకొనిపోయాడు. కోడి చచ్చింది, పందెం పోయింది. తిరిగి వచ్చి ఆరు రోజుల జీతం తోటకు, కోడి ధర సర్దారుకు కట్టుకొన్నాడు. "సచ్చిన కోడికి నెల్లాళ్ళు సాకిరీ సేసినాడు మావ" అని నాయనమ్మ నవ్వేది. ఆమె నవ్వులో ఆయన మీద చిన్నచూపు లేదు. ఇరవై ఏళ్ళు ఆయనకు అన్నం వడ్డించిన కోడలు ఆమె.

మేము ఆ కోడిని పుస్తకంలో పెట్టలేదు. పరువు పోతుందని భయపడ్డాము. ఇప్పుడు నాయనమ్మ లేదు. కోడి రంగు ఏమిటో, పందెం ఏ ఊరిలో జరిగిందో, సర్దారు పేరు ఏమిటో అడగడానికి ఎవరూ లేరు. మేము వ్రాసిన భక్తుడు ఎవరి తాత అయినా కావచ్చు. కోడి దొంగిలించినవాడు మాత్రం మా ముత్తాతే. ఆయన ఫోటోకు దండ వేసి, లోపలి మనిషిని మేమే వాకిట్లో నిలబెట్టాము.

కువైట్ నుండి వచ్చిన తరువాత మొదటి తరగతిలో రాయచోటి ఆమె ముచ్చట, ఆ వెనుక మా కోడి ముచ్చట చెప్పాము. వెనుక వరుసలోని పెద్దాయన మొదట నవ్వలేదు. దండ కడిగిన మాట దగ్గర తల వంచుకొన్నారు. కోడి దగ్గర భుజాలు కదిలాయి. ఆయన గొంతు సవరించుకొని, "మాస్టారూ, మాది కూడా ఒకటి ఉంది. ఓడ దిగినప్పుడు గుమాస్తా దొర మా తాతను పేరు అడిగాడట. దొర భాష అర్థం కాక ఈయన 'ఏటండీ?' అన్నాడట. దొర అదే వ్రాసుకొన్నాడు. మూడు తరాలుగా మేము ఆ ఇంటిపేరుతోనే తిరుగుతున్నాము" అన్నారు. తరగతి నవ్వింది. ఈసారి ఆయన లేచి నిలబడి ప్రశ్న వేయలేదు.

పాఠక సోదర సోదరీమణులకు మా విన్నపము ఒక్కటే. మీ ఇంట్లో కూడా ఇటువంటి కోడి ఒకటి ఉంటుంది. పెద్దవారు ఉన్నప్పుడే అడగండి. వారు ఏ భాషలో చెబితే ఆ భాషలో, "ఏటి" అంటే "ఏటి" అని వ్రాయండి. తప్పులు దిద్దవద్దు, నీతి చేర్చవద్దు. కువైట్‌లోని టీ దుకాణాలలో మన భాషవారు నేడు చెప్పుకొంటున్న ముచ్చట్లు నూరేళ్ళ తరువాత వారి మునిమనుమలకు దొరుకుతాయో లేదో మన చేతిలో లేదు. మన ఇంటివి మాత్రం మన చేతిలోనే ఉన్నాయి.

వ్రాసిన కాగితాలు మా సాయంకాలపు తరగతికి తెండి, అందరి ముందు చదువుకొందాము. నవ్వినందుకు మా తరగతిలో ఇప్పుడు ఎవరినీ బెంచీ ఎక్కించడం లేదు.